స్టీరింగ్ పాడుచేసింది ఎవరు?

కంప్యూటర్ ఆటల స్టీరింగ్ గురించి ఆడవాళ్ళం మాట్లాడుకోవడం ఏమిటి అనుకోకండి. మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషీన్ వాడేవాళ్ళందరికీ పనికొచ్చే సంగతే ఇది. పైగా పోయిన ఏడాది మా ఇంట్లో నెలన్నర పాటు అన్నం దగ్గర కూడా ఇదే గొడవ.

మాది వడ్డాది. మా ఆయన ఇరవై రెండేళ్ళు లారీ నడిపేరు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం ఎత్తుకుని ఒడిశా దాకా, ఒక్కోసారి బెంగాల్ దాకా వెళ్ళి వచ్చేవారు. మూడేళ్ళ క్రితం ఎడమకాలు విరిగింది. రాడ్డు వేసేరు, నడక వచ్చింది గానీ క్లచ్ తొక్కే బలం రాలేదు. ఇంట్లో కూర్చున్న డ్రైవర్ ఎలా ఉంటాడో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వీధిలో లారీ వెళ్తే శబ్దాన్ని బట్టి ఏ గేరులో ఉందో చెప్పేవారు. అంతే, తరవాత మాట ఉండేది కాదు.

మా వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల రోడ్ల మీద ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది కదా, అది ఫోన్లో చూసిన దగ్గర్నుంచి వాడికి కార్ల ఆటల పిచ్చి. వేసవి సెలవుల్లో పనిచేసి సగం డబ్బు పోగేసుకున్నాడు, మిగతా సగం మేనమామ ఇచ్చేడు. పాతిక వేలు పెట్టి పెడళ్ళతో సహా స్టీరింగ్ కొన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. నాలుగు నెలల సరుకులు వచ్చేవి ఆ డబ్బుకి.

కానీ ఆ స్టీరింగ్ ముందు వాడికన్నా ఎక్కువ కూర్చున్నది వాళ్ళ నాన్న. లారీలు నడిపే ఆట ఒకటుంది, యూరో ట్రక్ సిమ్యులేటర్ అని. అందులో గేర్లు వాటంతట అవే పడేలా పెట్టుకోవచ్చు, ఎడమకాలితో పని లేదు. మొదటి రోజు చక్రం పట్టుకుని రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తరవాత "ఒసే, ఇది లాగుతోందే! నిజం బండిలాగే లాగుతోంది" అన్నారు. గతుకులో దిగితే, "ఇది మన బీఎన్ రోడ్డే" అని నవ్వేరు. భీమిలి నుంచి నర్సీపట్నం పోయే ఆ రోడ్డు గోతులు మా వైపు వాళ్ళందరికీ తెలిసినవే. మూడేళ్ళలో ఆయన అలా నవ్వడం అదే మొదలు.

ఆ లాగడాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారట. చక్రం వెనక మోటారు ఉంటుంది. ఆటలో బండి మలుపు తిరిగినా, గోతిలో పడినా ఆ మోటారు మన చేతికి ఎదురు తిప్పుతుంది. మా దాంట్లో మోటారు బలం పళ్ళచక్రాల ద్వారా స్టీరింగ్‌కి అందుతుంది. కొన్నింట్లో బెల్టు ఉంటుంది. ఖరీదైన వాటిలో మధ్యలో ఏమీ లేకుండా చక్రాన్ని నేరుగా మోటారుకే బిగిస్తారు. మా రకం స్టీరింగ్ బలం రెండు న్యూటన్ మీటర్ల చిల్లర అన్నాడు మా వాడు. అదెంతరా అంటే, చక్రం అంచుకి కిలోన్నర బెల్లం దిమ్మ వేలాడదీసినంత అని లెక్కకట్టి చెప్పేడు. వినడానికి తక్కువే. కానీ గంటల తరబడి ఆ బలాన్ని చిన్న పళ్ళు మొయ్యాలి. మోటారు తిప్పాలని చూస్తుంటే మనం కదలనివ్వకుండా గట్టిగా పట్టుకుంటే, దాన్లోకి కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. నానని పప్పు కూరేస్తే మిక్సీ మూలిగి వాసన వస్తుందే, ఇదీ అంతే.

పదిహేడో నెలలో ఒక సాయంత్రం స్విచ్ వెయ్యగానే కరకరమని శబ్దం వచ్చింది. ఈ స్టీరింగ్ ఆన్ చెయ్యగానే తనంతట తానే ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి సరిచూసుకుంటుంది. ఆ రోజు సగంలో ఆగిపోయింది. ఎడమవైపు లాగడం మానేసింది, కుడివైపు జారిపోతోంది.

మా వాడు వచ్చి చూసి, "నాన్నా, నువ్వు లారీ స్టీరింగ్ తిప్పినట్టు తిప్పేస్తావు. అందుకే పళ్ళు అరిగిపోయేయి" అన్నాడు. ఆయన మారుమాట అనలేదు. లేచి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. "నా చేతులు మోటువి, నేను ముట్టుకోకుండా ఉండవలసింది" అని రాత్రి నాతో అన్నారు. పాతిక వేల సంగతి పక్కన పెట్టండి, ఆ మాట నాకు గుచ్చుకుంది.

వారంటీ రెండేళ్ళు ఉంది. బిల్లు నా దగ్గరే ఉంది. మా ఇంట్లో టార్చిలైటు దగ్గర్నుంచి ఫ్రిజ్జు దాకా ప్రతి బిల్లూ బియ్యం డబ్బా పక్కన ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. ఆన్‌లైన్ బిల్లులు కూడా ప్రింటు తీయించి పెడతాను. అట్టపెట్టె అటక మీద ఉంది. మా వాడు స్క్రూలు విప్పబోతే ఆపేను. విప్పితే వారంటీ పోతుందని వారంటీ కాగితంలోనే రాసి ఉంది.

కంపెనీకి వీడియో తీసి పంపించేం. నాలుగో రోజున జవాబు వచ్చింది. అతిగా బలం ఉపయోగించడం వల్ల జరిగిన నష్టం, వారంటీ వర్తించదు అని. వస్తువు చూడనేలేదు, తీర్పు చెప్పేసేరు. పైగా మా వాడు అన్నదే వాళ్ళూ అన్నారు. మా ఆయన తల ఇంకా వంగిపోయింది.

అప్పుడు నేనే కూర్చుని రాయించేను. నేను తెలుగులో చెప్తుంటే వాడు ఇంగ్లీషులో కొట్టేడు. మూడే ప్రశ్నలు. విప్పి చూడకుండా కారణం ఎలా తెలిసింది? బలం నూరు దాకా పెట్టుకునే వీలు మీరే ఇచ్చినప్పుడు, మేం డెబ్బైలో వాడితే అది అతి ఎలా అయింది? చేత్తో తిప్పడానికే చేసిన వస్తువుని చేత్తో తిప్పితే పాడైతే, తప్పు చెయ్యిదా, వస్తువుదా? పెట్టె మీది సీరియల్ నంబరు, బిల్లు ఫొటో, కొన్న తేదీ కూడా జోడించేం.

వారం చూసి 1915కి ఫోన్ చేసేను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు ఫిర్యాదు రాసుకుని నంబరు ఇస్తారు, కంపెనీకి పంపుతారు. కంపెనీని శిక్షించే అధికారం వాళ్ళకి లేదు గానీ, చాలాసార్లు ఆ నంబరు పడగానే అవతలివాళ్ళ గొంతు మారుతుంది. అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చేక మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఏ ఊళ్ళో ఉన్నా సరే. అయిదు లక్షల లోపు ఖరీదు వస్తువుకి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. ఆన్‌లైన్‌లోనే దాఖలు చెయ్యొచ్చు.

మాకు అంతదాకా రాలేదు. వస్తువు పంపించమన్నారు. మా ఊరికి పికప్ లేదట. వాళ్ళ ఫారంలో మాది ఇంకా విశాఖపట్నం జిల్లాయే, 2022లో అనకాపల్లి జిల్లా అయిన సంగతి వాళ్ళకి చేరలేదు. మా వాడు పెట్టె బండి మీద కట్టుకుని చోడవరం వెళ్ళి కొరియర్ చేసేడు. రసీదు నా కవర్లోకి చేరింది.

మూడు వారాల తరవాత కొత్త స్టీరింగ్ వచ్చింది. దానికి వారంటీ మళ్ళీ మొదటినుంచి రాదు, పాతదానికి మిగిలిన నెలలే. దాంతో పాటు ఒక కాగితం ఉంది. లోపలి భాగం లోపం, బదులు ఇవ్వడమైనది అని ఒకే ఒక్క లైను. మా వాడు దాన్ని తెలుగులో చదివి, వాళ్ళ నాన్న చేతిలో పెట్టి, "నీ చెయ్యి కాదు నాన్నా" అన్నాడు. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాత లైసెన్సు ఉండే పర్సులో మడిచి పెట్టుకున్నారు.

ఇప్పుడు బలం యాభైలో పెట్టుకుంటున్నారు. స్విచ్ వేసేక అది సరిచూసుకునేదాకా చక్రం ముట్టుకోరు. గంట ఆడితే పది నిమిషాలు ఆపుతారు, వేడి తగ్గాలని. బల్లకి బిగింపు వదులైందేమో రోజూ చూస్తారు. లారీ తియ్యబోయే ముందు టైర్లు తట్టి చూసుకునే మనిషి కదా.

మీ ఇంట్లోనూ ఏ వస్తువైనా పాడైతే ముందు ఎవరో ఒకరి చేతి మీదకి నెట్టేస్తాం. కోడలు గ్రైండర్ పాడుచేసిందని, అత్తగారు టీవీ రిమోట్ చెడగొట్టిందని. మోటారుకీ, పళ్ళకీ కూడా లోపాలుంటాయి. అది తేలేదాకా మనిషిని అనకండి. బిల్లు మాత్రం పారెయ్యకండి.