ఒక్క కనెక్షన్ చాలు వదినగారూ!

ఏం వదినగారూ, ఫైబర్ పెట్టించుకుంటున్నారా? మంచి పని. అబ్బాయికొకటి, కోడలి ఆఫీసు ల్యాప్‌టాప్‌కొకటి అని రెండు కనెక్షన్లు అడిగారా? ఎందుకండీ దండగ! ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, టీవీ, గుమ్మం మీది కెమెరా, అన్నీ ఆ ఒక్కదాని మీదే నడుస్తాయి.

ఎలాగంటారా? మీ ఇంట్లో వాటన్నిటికీ కనెక్షన్‌తో పెట్టే రూటర్ అనే పెట్టే నంబర్లు పంచుతుంది. ఎక్కువ ఇళ్లలో అవి 192.168తో మొదలవుతాయి. మీ ఇంటి నంబరే మా ఇంట్లోనూ ఉండొచ్చు, ఇబ్బందేం లేదు, అవి గడప దాటవు. బయటికి మాత్రం అందరూ ఒకే అడ్రసుతో వెళతారు. ఐపీవీ4 అనే పాత పద్ధతి అడ్రసులు మొత్తం కలిపినా 429 కోట్లే. అవి చాలవని తెలిసే 1994లో ఈ ఉపాయం కాగితం మీద పెట్టారు. నాట్ అంటారు దీన్ని. కోడలు బ్యాంకు సైటు తెరిస్తే, అడిగిందెవరో రూటర్ రాసిపెట్టుకుంటుంది. జవాబు రాగానే సరిగ్గా ఆ ల్యాప్‌టాప్‌కే చేరుస్తుంది.

ఫైర్‌వాల్ కూడా ఆ రూటర్‌లోనే ఉంటుందండీ. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిదనుకోండి. లోపలివాళ్లు రమ్మన్న మనిషిని పంపిస్తుంది, పిలవని పేరంటానికి వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తుంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అని ఒక వైరస్ వచ్చింది, గుర్తుందా? ఏ ఫైలూ తెరవక్కర్లేదు, అప్‌డేట్ వేయని విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ని నేరుగా నెట్‌కి తగిలిస్తే చాలు, దూరిపోయేది. ఇంకో నిమిషంలో ఆగిపోతుందని తెర మీద లెక్క మొదలయ్యేది. మరుసటి ఏడు సర్వీస్ ప్యాక్ 2తో విండోస్ ఫైర్‌వాల్‌ని మొదటినుంచే ఆన్‌లో ఉండేట్టు చేశారు. రూటర్ ఉంది కదా అని దాన్ని మాత్రం ఆపొద్దు. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్‌కి వైరస్ తగిలితే పక్కదాన్ని కాపాడేది అదే. పైగా ఇప్పుడు చాలా కనెక్షన్లలో ఐపీవీ6 అనే కొత్త పద్ధతి వస్తోంది. అందులో ప్రతి ఫోనుకీ బయటివాళ్లకు తెలిసే అడ్రసే ఉంటుంది, కాబట్టి రూటర్‌లో ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

ముందు ఆ రూటర్ పెట్టెని తిరగేసి చూడండి. అడుగున స్టిక్కర్ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి, సెట్టింగుల్లోకి వెళ్లే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా చాలావాటికి అక్కడే ఉంటాయి. ఎన్నో పెట్టెల మీద రెండూ అడ్మిన్ అనే ఉంటుంది! వైఫై పాస్‌వర్డ్ ఒక్కటీ మార్చి ఊరుకోకండి, ఈ సెట్టింగుల పాస్‌వర్డూ మార్చాలి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లే వరసగా కొట్టి చూసి, లక్షల కెమెరాల్నీ రూటర్లనీ చేజిక్కించుకుంది. వాటితోనే ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను గంటల తరబడి పడగొట్టారు. ఆ కెమెరాల వాళ్లకు తమ ఇంట్లోంచి ఇంత జరుగుతోందని తెలియనే తెలియదు.

అందుకే కెమెరానీ టీవీనీ గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే అదే రూటర్‌లో విడిగా ఉండే వైఫైలో వేయించండి. పండక్కి వచ్చిన పిల్లలకీ అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. కోడలి ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్నచోటికి అవేవీ రావు. టెక్నీషియన్ ఇంట్లో ఉండగానే అడిగేయండి, మొహమాటపడకండి, అది మీ హక్కు.

ఇంకొక్క మాట, అన్నయ్యగారికి తప్పకుండా చెప్పండి. వాట్సాప్‌లో శుభలేఖ అని ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో ఆప్ ఎక్కించే ఫైలు వస్తుంది చూశారూ, దాన్ని నొక్కితే ఏ ఫైర్‌వాలూ అడ్డురాదు. మనమే చేత్తో లోపలికి తెచ్చుకున్నట్టు లెక్క. నిజంగా పిలిచేవాళ్లయితే ఫోన్ చేస్తారు. అనుమానమొస్తే నొక్కే ముందు ఒక్క కేక వేయమనండి, మావాణ్ణి పంపిస్తాను.