పాలపిట్ట కాల్షీట్ ఇవ్వదు!

సినిమా విలేఖరి ఉద్యోగంలో అసలు పని రాయడం కాదండీ… ఎదురు చూడడం! హీరోగారి మేకప్ అయ్యేదాకా ఎదురు చూడాలి. షాట్ అయ్యేదాకా ఎదురు చూడాలి. షాట్ అయ్యాక ఆయన మూడ్ బాగుపడేదాకా ఎదురు చూడాలి. పదేళ్లుగా ఫ్రీలాన్స్ చేస్తున్నాను కదా, ఈ విద్యలో నాకు డాక్టరేట్ ఇచ్చినా తప్పులేదు.

అలాంటి ఒక ఎదురుచూపులోనే నాకు పిట్టల పిచ్చి పట్టుకుంది. "సినిమా పత్రికలో పిట్టల గోలేమిటి?" అని పేజీ తిప్పేయకండి. ఇందులో హీరో ఉన్నాడు, హీరోయిన్ ఉంది, ప్లేబ్యాక్ ఉంది, ఔట్‌డోర్ ఉంది. విలన్ కూడా ఉన్నాడు… ఆ విలన్ని నేనే!

హీరో రాలేదు… పిట్ట వచ్చింది

రెండేళ్ల కిందటి మాట. శంకర్‌పల్లి వైపు ఒక చెరువుగట్టు మీద షూటింగ్. తొమ్మిదింటికల్లా రమ్మన్నారు. పన్నెండైంది. హీరోగారి జాడ లేదు. ఫోన్లో ఛార్జింగ్ కూడా అయిపోయింది. చేసేదేం లేక ఒక సామాన్ల పెట్టె మీద కూర్చుని చెరువుకేసి చూస్తున్నాను.

నీళ్ల మీద ఒక నలుపు తెలుపు పిట్ట. గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ హెలికాప్టర్‌లా నిలబడిపోయింది. ఉన్నట్టుండి ముక్కు కిందికి పెట్టి బాణంలా నీళ్లలో పడింది. ఖాళీ నోటితో లేచింది. మళ్లీ అదే వరస.

పక్కనే బీడీ కాలుస్తున్న లైట్‌మన్ పెద్దాయన నవ్వాడు. "లకుముకి పిట్ట సార్. ఇప్పటికి నాలుగు టేకులు తిన్నది. ఐదోది ఓకే అయితది చూడండి."

ఐదోది కాలేదు. ఆరోదీ కాలేదు. ఏడో టేకులో వెండి ముక్కలాంటి చేప నోట కరచుకుని లేచింది! మేమిద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. "ప్యాకప్!" అన్నాడు పెద్దాయన.

హీరోగారు నాలుగింటికి వచ్చారు. ఐదు నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకిప్పుడు గుర్తులేదు. ఆ ఏడు టేకులు మాత్రం ఒక్కొక్కటీ గుర్తుంది.

బాపు నోటుబుక్కు

మా బాపు జనగామ దగ్గర ఒక ఊళ్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక ఒక్కడే అక్కడ ఉండేవాడు. ఆ వేసవిలోనే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. హైదరాబాదులో నా అద్దె ఇంటికి, రెండో అంతస్తుకు, కుర్చీలో మోయించి తీసుకొచ్చాను.

ఫిజియోథెరపీ కుర్రాడు రోజూ వచ్చి చెయ్యి లేపమని బతిమాలేవాడు. బాపు లేపేవాడు కాదు. "ఇంకెన్ని రోజులు నాయనా, దీంతో పనేముంది?" అనేవాడు. ఒకరోజు నాతో అన్నాడు… "పక్షవాతం అంటే ఏందిరా? పక్షం అంటే రెక్క. నాకు ఒక రెక్క పడిపోయింది. గంతే." అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. జీవితమంతా పిల్లలకు నానార్థాలు చెప్పిన మనిషి. ఆ అర్థం విని నాకు నోట మాట రాలేదు.

మర్నాడు పొద్దున ఆయన కుర్చీని బాల్కనీలోకి జరిపాను. ఊళ్లో మా ఇంటి చూరుకు వేలాడదీసినట్టే వరికంకుల కుచ్చు ఒకటి కట్టాను. మట్టి మూకుడులో నీళ్లు పోసిపెట్టాను. మూడు రోజులు కాకులు, పావురాలు తప్ప ఎవరూ రాలేదు. నాలుగో రోజు రెండు పిచ్చుకలొచ్చాయి. బాపు నన్ను కేకేసి పిలిచాడు. ఆయన గొంతులో ఆ కేక విని ఎన్నాళ్లయిందో!

వారం తిరిగేసరికి "ఒక నోటుబుక్కు తెచ్చిపెట్టు" అన్నాడు. టైము, పిట్ట పేరు, అది చేసిన పని… మూడు గడులు గీసుకున్నాడు. ఎదురింటి మందార దగ్గర తేనెపిట్ట. కరెంటు తీగ మీద తల మీద కుచ్చుతో పిగిలిపిట్ట. పక్క ఖాళీ జాగాలో జెముడుకాకి. రెండు నెలల్లో పంతొమ్మిది రకాలు! అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. కుడిచేత్తో రాస్తుంటే పేజీ గాలికి ఎగిరిపోకుండా ఎడమ చేత్తో పట్టుకోవాలి కదా! ఫిజియోథెరపీ కుర్రాడు బతిమాలినా లేవని చెయ్యి, పిచ్చుక కోసం లేచింది.

కోకిలమ్మ కాదు… కోకిలయ్య!

మన పాటల్లో హీరోయిన్ని కోకిలా అని పిలవని కవి ఉన్నాడా? "కోకిలమ్మ" (1983) అని బాలచందర్‌గారు సరితతో ఏకంగా సినిమానే తీశారు. కానీ మామిడి పూతవేళ "కుహూ" అని గొంతెత్తేది మగ కోకిల! నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. ఆడదానిది గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు. ఆవిడ గొంతు విన్నారంటే ఏ సంగీత దర్శకుడూ ఛాన్సివ్వడు. కిక్‌కిక్‌మని కీచుమంటుంది. గుడ్లు పెట్టేది కాకి గూట్లో. అంటే పాట ఒకరిది, పేరు ఇంకొకరిది, పెంపకం మూడో వారిది. ప్లేబ్యాక్ పద్ధతి మనకంటే ముందు వాళ్లే కనిపెట్టారన్నమాట!

"చిలకా గోరింకా" (1966) కృష్ణంరాజుగారి తొలి చిత్రం. అన్యోన్యంగా ఉండే జంటను ఇప్పటికీ చిలకా గోరింకా అంటాం. బాపు పగలబడి నవ్వాడు. "నిజంగ చూసినోడు ఆ మాట అనడురా" అన్నాడు. రెండూ చెట్టు తొర్రల్లోనే గుడ్లు పెడతాయి. తొర్ర కనబడిందంటే ముక్కూ ముక్కూ పెట్టుకుని పోట్లాటే.

అసలు రొమాంటిక్ హీరో గిజిగాడు. ఊళ్లో మా బావి మీదికి వంగిన ఈతచెట్టుకు వాటి గూళ్లు వేలాడేవి. మగపిట్ట గడ్డిపోచలతో సగం గూడు అల్లి, రెక్కలాడిస్తూ హీరోయిన్ని పిలుస్తాడు. ఆవిడ వచ్చి ఇల్లు చూస్తుంది. నచ్చితే సరే, మిగతాది పూర్తి చేస్తాడు. నచ్చలేదా, ఎగిరిపోతుంది. పాపం, మళ్లీ మొదటి పోచ నుంచి మొదలు!

నేను విలన్నయిన దసరా

దసరా వచ్చింది. పండగ ముందు రాత్రి బాపు నోటుబుక్కు తిరగేస్తూ, "అన్నీ వచ్చినయిగని పాలపిట్ట రాలే" అన్నాడు. దసరా నాడు జమ్మి దగ్గరికి వెళ్లి, ఊరవతల పాలపిట్టను చూసి ఇంటికి రావడం మా తెలంగాణలో ఆనవాయితీ. పాలపిట్ట మా రాష్ట్ర పక్షి కూడా. బాపు డెబ్భై ఏళ్లలో ఆ దర్శనం తప్పింది లేదట.

పొద్దున గుడి సందులో ఒకతను కనిపించాడు. గుడ్డ కప్పిన పంజరం. చుట్టూ జనం. గుడ్డ ఎత్తితే పాలపిట్ట! నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "యాభై ఇవ్వండి సార్, ఇంటికొచ్చి చూపిస్తా" అన్నాడు. ఇచ్చాను. రెండో అంతస్తుకు తీసుకెళ్లి, హీరో ఎంట్రీ ఇప్పించినట్టు బాపు ముందు గుడ్డ లాగాను.

బాపు ఒక్కసారి చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు నేనూ చూశాను. పిట్ట కాళ్లకు దారం. రెక్కల ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నోరు తెరుచుకుని రొప్పుతోంది.

"పాలపిట్ట కూసున్నప్పుడు మట్టిరంగేరా. ఎగిరితేనే నీలం. ఎగరలేని పిట్టల ఏం చూడాలె?" అన్నాడు బాపు, కళ్లు తెరవకుండానే. ఆయన కుడిచెయ్యి ఎడమచేతి మీద ఉంది.

పంజరం మనిషి అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఇంకో ఇంటి బేరం! ఆ క్షణాన అటవీశాఖ వాళ్లకు ఫోన్ చెయ్యాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం నేరమని తర్వాత చదివాను. పట్టినవాడు ఎందుకు పట్టాడు? నాలాంటివాడు కొంటాడు కాబట్టి. నేనిచ్చిన యాభై రూపాయలు దర్శనం టికెట్టు కాదు, వచ్చే దసరాకు ఇంకో పిట్టను పట్టమని ఇచ్చిన అడ్వాన్సు!

ఆ సాయంత్రం బాపు నాతో మాట్లాడలేదు. రాత్రి నోటుబుక్కు తీసి చూశాను. "పాలపిట్ట – లేదు" అని రాసి ఉంది.

నేలపట్టు ఔట్‌డోర్

డిసెంబర్లో ఒక డబ్బింగ్ సినిమా పని మీద చెన్నై వెళ్తూ దారిలో నాయుడుపేటలో దిగిపోయాను. నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ మధ్య దొరవారిసత్రం. హైవే నుంచి కాస్త లోపలికి వెళ్తే నేలపట్టు. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు.

చెరువు నీళ్లలో నిలబడిన చెట్లు. ఆ చెట్ల నిండా గూడబాతులు! రెక్కలు విప్పితే ఏడెనిమిది అడుగులు ఉంటాయి. అంత పెద్ద పక్షి ఊగే కొమ్మ మీద వాలుతుంటే మన గుండె జారుతుంది గాని దానికేం బెంగలేదు. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తలకాయ మొత్తం దూర్చి చేపలు తింటున్నాయి. అవన్నీ సైబీరియా నుంచి వచ్చాయనుకుంటాం చాలామందిమి. కాదు, గూడబాతు మన గడ్డ మీద పుట్టి పెరిగే పక్షే. వానలు పడి చెరువు నిండాక గూళ్లకోసం ఇక్కడికి చేరుతుంది.

అక్కణ్ణుంచి సూళ్లూరుపేట. శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. రెండువైపులా రాజహంసలు, అదే, ఫ్లెమింగోలు. తలకాయ తలకిందులు చేసి, ముక్కుతో నీళ్లు వడగట్టి తింటాయి. ఆ గులాబీ రంగు మేకప్ కాదు. తినే నాచులో, చిన్న చిన్న రొయ్యల్లో ఉండే రంగే ఒంటికి పడుతుంది. వాటి పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్.

వీడియో కాల్ చేసి బాపుకు చూపించాను. చుక్కల్లా కనిపించాయట. "ఫోన్ జేబుల పెట్టి నువ్వు చూడు. ఇంటికొచ్చి చెప్పు" అన్నాడు. దసరా తర్వాత ఆయన నాతో అంత చనువుగా మాట్లాడడం అదే మొదలు.

పాపం చేసినవాడికీ దారుంది

సలీం అలీ పేరు వినే ఉంటారు. "2.0" (2018) లో అక్షయ్ కుమార్ వేసిన పక్షిరాజు పాత్రకు స్ఫూర్తి ఆయనే అని అప్పట్లో అందరూ రాశారు. 1896లో పుట్టిన ఈ పెద్దమనిషి చిన్నప్పుడు చేసిన పనేమిటో తెలుసా? ఎయిర్‌గన్‌తో పిచ్చుకను కొట్టడం! చచ్చిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిట్టో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్లాడు. అక్కడి బీరువాల్లో వరుసగా పేర్చిన పక్షుల్ని చూసి ఆయన జీవితమే మారిపోయింది. 1931లో మన హైదరాబాద్ సంస్థానంలో కూడా తిరిగి పక్షుల లెక్క రాశాడు. ఈ కథ చదివాక నాకు కొంచెం ధైర్యమొచ్చింది.

అన్నట్టు, ఆ సినిమాలో చూపించినట్టు సెల్ టవర్లే పిట్టల్ని చంపేస్తున్నాయన్నది రుజువు కాలేదు. పిచ్చుకకు కావలసిన పెంకుటింటి చూరు పోయింది, గోడ కన్నం పోయింది, పిల్లల నోట్లో పెట్టే పురుగులు తగ్గాయి. ఇవన్నీ మన చేతిలో పనులే.

మీకూ సరదా పుట్టిందా? బాల్కనీ, మూకుడు, గుప్పెడు గింజలు చాలు. నీళ్లు మాత్రం రోజూ మార్చండి. బయటికి వెళ్లాలంటే గుంటూరు దగ్గర ఉప్పలపాడు, కొల్లేట్లో ఆటపాక, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఉన్నాయి. ఎర్రచొక్కా వద్దు, హారన్ వద్దు. ఫోటో కోసం గూటి దగ్గరికి అసలే వెళ్లొద్దు.

మళ్లీ దసరా

పోయిన దసరాకు తెల్లవారుజామునే స్నేహితుడి కారు అడిగి తెచ్చుకుని బాపును మా ఊరికి తీసుకెళ్లాను. పొలాల దగ్గర కారాపాను. కర్ర పట్టుకుని, గట్టు మీద ఇరవై అడుగులు బాపు తనే నడిచాడు. నేను లెక్కపెట్టాను.

ఆరింటి నుంచి తొమ్మిదిదాకా కూర్చున్నాం. బర్రె వీపు మీద పసులపోలిగాడు కనిపించాడు. దున్నుతున్న ట్రాక్టరు వెనక కొంగలు బారులు తీరాయి. తీగ మీద గువ్వలు జంటలు జంటలుగా. పాలపిట్ట మాత్రం రాలేదు.

నాకు మనసు చివుక్కుమంది. "బాధగా ఉందా బాపూ?" అన్నాను.

"బాధెందుకురా? రావాలెనంటే వస్తది, లేకుంటే లేదు. అది దాని ఇష్టం." నోటుబుక్కు తీశాడు. ఎడమ చేత్తో పేజీ అదిమిపట్టి రాశాడు. "పాలపిట్ట – కనపడలే." కాసేపు ఆగి, "వచ్చే దసరాకు ఇంకో గంట ముందుగాల రావాలె" అన్నాడు.

ఇంకెన్ని రోజులు అని గోడవైపు తిరిగి పడుకున్న మనిషి అన్న మాట అది!

పాలపిట్ట కాల్షీట్ ఇవ్వలేదు. అయితేనేం… మా బాపు వచ్చే దసరాకు డేట్స్ ఇచ్చేశాడు.