బదిలీ సామానుకు పూచీ ఎవరిది?

బదిలీ ఉత్తర్వు ఇచ్చి ఊరు మార్పించేది సర్కారు. దారిలో బీరువా విరిగితే ఆ నష్టం ఉద్యోగి జీతంలోంచే పోవాలా? అమెరికా 1964లో ఈ ప్రశ్నకు జవాబుగా ఒక చట్టం చేసింది. సైనికుడైనా సివిల్ ఉద్యోగైనా, ఉద్యోగరీత్యా సొంత వస్తువు పోతే, పాడైతే 40,000 డాలర్ల దాకా, అత్యవసరంగా అన్నీ వదిలి రావలసి వస్తే లక్ష దాకా ఆయన శాఖ చెల్లించవచ్చు. అక్కడి ఫెడరల్ కొలువుల్లో మనవాళ్లూ ఉన్నారు కాబట్టి ఈ లెక్క మన ఇళ్లలోకీ వస్తుంది. ఇది న్యాయమైన చట్టమనే నా నమ్మకం. దీన్ని చూసుకుని సొంత బీమా మానేయడం మాత్రం పొరపాటని అంతే గట్టిగా నమ్ముతాను.

‘చెల్లించవచ్చు’ అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. శాఖ తేల్చిందే ఆఖరి మాట. నష్టంలో ఉద్యోగి నిర్లక్ష్యం ఏ కొంచెం ఉన్నా పైసా రాదు. ఆ వస్తువు అక్కడ ఉంచుకోవడం సబబేనని శాఖకు అనిపించాలి. అమెరికాలో సొంతంగా అద్దెకు తీసుకున్న ఇంట్లో దొంగలు పడితే ఈ చట్టం వర్తించదు, సర్కారు కేటాయించిన క్వార్టర్ అయి ఉండాలి. పైగా సాధారణంగా వాడిన వస్తువుకు తరుగు తీసేసి కడతారు. ఉదాహరణకు వెయ్యి డాలర్ల సోఫాకు ఏడాదికి పది శాతం తరుగు వేస్తే అయిదేళ్లకు చేతికొచ్చేది 500. కొత్తది కొనాలంటే మిగతా డబ్బు మనమే వేసుకోవాలి. 40,000 అన్న పరిమితి 1988లో పెట్టింది. ఆ తర్వాత ధరలు రెట్టింపు దాటినా ఆ అంకె దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయింది.

ఒకరి టీవీ పగిలితే పన్ను కట్టేవాళ్లు ఎందుకివ్వాలని కొందరంటారు. ఆ టీవీని లారీ ఎక్కించింది ఆయన సరదా కాదు, సర్కారు అవసరం. ఆ ఖర్చు సర్కారు పనిలో భాగమే. సర్కారే ఇస్తుంటే మళ్లీ ప్రీమియం దండగ కదా అన్నది ఇంకో వాదన. నిజమే, బీమా ఉంటే ముందు బీమా సంస్థను అడిగి, అక్కడ తీరనిదానికే శాఖ దగ్గరికి వెళ్లాలి. అయినా పైన చెప్పిన ఖాళీలను చాలావరకు పూడ్చేది ఆ పాలసీయే, అదీ తరుగు లేకుండా కొత్త వస్తువు ధర ఇచ్చే రకమైతేనే. ప్రీమియంలో నాలుగు డబ్బులు మిగుల్తాయని తరుగు రకం తీసుకుంటే ఆ సోఫా లెక్కే మళ్లీ ఎదురవుతుంది. సైనికుల గృహసామానుకైతే గడువు కూడా డబ్బే: సామాను అందిన తొమ్మిది నెలల్లోపు రవాణా సంస్థను అడిగితే కొత్త వస్తువు ధర వస్తుంది, దాటితే తరుగు పోగా మిగిలిందే. శాఖను అడగడానికి గడువు రెండేళ్లు. ఏ క్లెయిమ్‌కైనా ఆధారం కావాలి. సామాను ఎక్కించేవాళ్లు గుమ్మంలో జాబితా రాస్తూ డైనింగ్ టేబుల్ పక్కన ‘గీతలు, పగుళ్లు’ అని చేరుస్తారు. అవి లేని టేబుల్‌కు ఆ తొందరలో సంతకం పెట్టేస్తే, రేపు విరిగి వచ్చిన కాలు ముందే పగిలి ఉందని వాళ్లు చూపించే కాగితం అదే.