పాత పెట్టెకు కొత్త ప్రాణం

భూపాలపల్లి బొగ్గుబావిలో ఓవర్‌టైం చేసిన డబ్బుతో బాపు కొనిచ్చిన లాప్‌టాప్ నాది. ఏళ్లు గడిచేసరికి, ఆన్ చేసి చాయ్ తాగివచ్చినా తెరుచుకునేది కాదు.

"పారేసి కొత్తది కొనుక్కోరాదురా" అన్నాడు హాస్టల్లో జనగామ మిత్రుడు. మనసొప్పలేదు. ఎస్సెస్డీ వేద్దామని, వేగమైన ఎన్‌వీఎంఈ రకంపై ఆశపడ్డాను. మహబూబాబాద్ మిత్రుడు అడుగు మూత విప్పి నవ్వాడు. "అది పెట్టే చోటే లేదురా! దీనికి రెండున్నర అంగుళాల సాటా డ్రైవే దిక్కు."

సాటాలో వేగం సెకనుకు సుమారు 550 ఎంబీ దాటదు. అయినా తిరిగే పళ్లెం, కదిలే ముల్లు లేవు గనుక పాత హార్డ్‌డిస్కు కన్నా ఎన్నో రెట్లు మేలు. మిత్రులారా, కొనేముందు మూత విప్పి చూడండి!

ప్రాజెక్టు ఫైళ్లకు నకలు తీసుకుని 256 జీబీది బిగించాం. అరనిమిషంలో తెర వెలిగింది. బాపుకు ఫోన్ చేశాను.

"ఇంకా పనిచేస్తుందా బిడ్డా?"

పనిచేస్తుంది బాపూ, నీలాగే.