పాడేవారికి తమ పాట వినబడాలి



పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి కూటములు జరిగితే ఒక మాట తరచుగా మా చెవిన పడుతుంది: “ఆ పిల్లలు పాడరు, అరుస్తారు.” ఆ మాట విని మా పాటల బృందములోని ఒక చెల్లెలు రెండు నెలలు మైకు ముట్టలేదు.

వాళ్లు అరిచేది గర్వముతో కాదు, తమ గొంతు తమకు వినబడక. పెద్ద బాక్సులన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి. వేదిక మీద ఉన్నవారికి గుమ్మనే మోతే మిగులుతుంది, పక్కనే ఢోలక్, ప్యాడ్స్. గొట్టం మైకు దూరాన స్తంభానికి కట్టితే ఇంకా కష్టము. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరములోని గొట్టం నుండి తన పాట తనకు సెకనులో పదో వంతు ఆలస్యముగా చేరుతుంది. దాని కోసము ఆగితే తాళము జారుతుంది. తిట్లు మాత్రము ఢోలక్ తమ్ముడికి!

పాడేవారి ముందు, వారి వైపు తిప్పి ఒక చిన్న మానిటర్ బాక్సు పెడితే సగము బాధ తీరుతుంది. మామూలుగా పాటలకు వాడే మైకు తన ముందున్న శబ్దమును బాగా పట్టుకుంటుంది, వెనుక శబ్దమును తక్కువగా. అందుకే బాక్సు మైకు వెనుక వైపున ఉండాలి. మైకు తలను గుప్పిట మూస్తే ఆ గుణము పోతుంది. బాక్సు శబ్దము మైకులో దూరి, పెరిగి, మళ్లీ బాక్సులోకి వచ్చి కూత పుడుతుంది. ఎకో కూడా తగ్గించండి, రేకుల షెడ్డు ఇచ్చేది చాలు. గత వారము ఆ చెల్లెలు మళ్లీ పాడింది, మెల్లగా.

అసలు చిక్కు వేరే ఉంది. మానిటర్ వచ్చాక ప్రతివారూ “నాది పెంచండి” అంటారు. కీబోర్డు పెంచితే పాట అణగుతుంది, పాట పెంచితే ప్యాడ్స్ వినబడవు, అన్నీ పెంచితే కూత. అందుకే ఇప్పుడు మేము “ఏది తగ్గించమంటారు?” అని అడుగుతున్నాము. మొదటి ఆదివారము ఎవరూ నోరు విప్పలేదు. రెండో వారము కీబోర్డు వాయించే తమ్ముడు “నాది తగ్గించండన్నా” అన్నాడు.

రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయము చదవండి. సొలొమోను మందిరములో 120 మంది యాజకులు బూరలు ఊదుతున్నారు, తాళములు మోగుతున్నాయి, గాయకులు పాడుతున్నారు. అంత మోతలోనూ అందరూ ఒక్క స్వరముగా వినబడ్డారట. ఒకరినొకరు వినకుండా అది జరిగేది కాదని మా తలంపు.

బృందమువారు ఈ ఆదివారము ఆరాధనకు అరగంట ముందే రండి. నూలుకు ముందే చిటికీలు కట్టి రంగు వేసుకునే ఊరు మనది. మగ్గము ఎక్కాక సరిచేయడము ఎంత కష్టమో మీకు మేము చెప్పాలా?