దుంగలోని మేకు

తెలుగు పాఠం చెప్పేవారికి రంపంతో పరిచయం నిఘంటువు ద్వారానే ఎక్కువ. రంపపుకోత అంటే తీరని బాధ అని, చేవ అంటే సత్తువ అని, చేవ చచ్చినవాడంటే పౌరుషం లేనివాడని తరగతిలో చెప్పి, నల్లబల్ల మీద వ్రాసి, తరువాతి పద్యానికి సాగిపోతాము. నేనూ అట్లే సాగిపోయేవాడినే. కాని 2013 వేసవిలో కోరుట్ల ఊరిచివర ఒక చిన్న సామిల్లులో గడిపిన పూట ఈ మాటలను నాకు వేరొక విధంగా నేర్పింది. ఆనాటి సంగతిని ఆ మిల్లు మిస్త్రీకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు ప్రబంధకవులపై మొదలుపెట్టిన వ్యాసాన్ని ప్రక్కన పెట్టి దీనిని వ్రాస్తున్నాను.

కోరుట్లలో మా ఇంటి ముంగిట ఒక వేపచెట్టు ఉండేది. దాని వేరు ముందరి గది గోడ క్రిందికి పాకి గోడను నిలువునా చీల్చింది. గది తిరిగి కట్టక తప్పలేదు. చెట్టు కొట్టక తప్పలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకొని చెట్టును నరికించాము. “చెట్టు పోయినా ఇంట్లోనే ఉండాలి” అని మా అబ్బాజాన్ పట్టుబట్టారు. దానితోనే కొత్త గదికి దర్వాజ, తలుపు చేయించాలని ఆయన కోరిక. వేపకలపకు చెదలు తొందరగా పట్టదు. టేకు కొనే స్తోమత మాకు లేదన్నది కూడా నిజమే.

మొదట దుంగను ట్రాక్టరు మీద జగిత్యాలకు తీసుకొనిపోయాము. అక్కడి ఒక పెద్ద మిల్లులో దానిని చూడగానే యజమాని తల అడ్డంగా ఊపాడు. “ఇంటి చెట్లు మేము కోయము” అని ఒక్క మాటలో తేల్చివేశాడు. కారణం అడిగితే చేతితో మేకు కొడుతున్నట్లు అభినయించి లోనికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఉన్న చెట్టుకు ఎవరో ఒకరు ఏదో ఒకటి కొట్టే ఉంటారని, అడవి దుంగకు ఆ భయం తక్కువని నాకు తరువాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఆయన గర్వి అనుకొన్నాను.

ఇంకొక మిల్లు వెదుకుదామంటే అవి అంత సులభంగా దొరికేవి కావు. ఉమ్మడి రాష్ట్రంలో సామిల్లులకు 1969 నుండే ప్రత్యేక నిబంధనలు ఉండేవి. అటుపిమ్మట నీలంబూరుకు చెందిన గోదావర్మన్ తిరుముల్పాడ్ వేసిన అడవుల వ్యాజ్యంలో, కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేనిదే ఏ రాష్ట్రమూ కొత్త సామిల్లుకు తావియ్యరాదని సుప్రీంకోర్టు 2002 అక్టోబరు 30న ఆదేశించింది. అడవికి అది మేలే. ఒక్క దుంగను ట్రాక్టరు మీద పెట్టుకొని అద్దె లెక్కబెట్టుకుంటూ తిరిగేవానికి మాత్రం ఆ మేలు అంత తొందరగా స్ఫురించదు. చివరకు మళ్ళీ కోరుట్లకే వచ్చి, ఊరిచివరి రేకుల కొట్టం ముందు ఆగాము.

ఆ మిల్లులో బ్యాండ్ సా లేదు. ఉన్నది ఒక్క గుండ్రటి రంపము, మూడడుగుల వ్యాసము. మోటారు, పట్టా, రెండు పట్టాల మీద చేతితో నెట్టే బండి, క్రింద పొట్టు పడే గుంట, ఇంతే దాని సంపద. అబ్బాజాన్ దానిని “ఆరా మషీన్” అంటారు. ఊరివారు “కోత మిషన్” అంటారు. మిస్త్రీ అరవై ఏండ్లవాడు, సిరిసిల్ల నేతకుటుంబంవాడు. చిన్ననాడు తండ్రి మగ్గం మీద కూర్చున్నా, మగ్గాలకు కలప కోసే మిల్లులో పనికి కుదిరి, ఇనుప చట్రాల పవర్‌లూములు వచ్చి కొయ్యమగ్గాల గిరాకీ పడిపోయిన పిదప కోరుట్లకు చేరాడట. “నేసుడు ఇడిసిన, కోసుడు ఇడువలె” అని నవ్వాడు.

ఆయన దుంగను కొలిచిన తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. మాను చుట్టూ ఒక సుతిలి చుట్టాడు. ఆ సుతిలిని రెండుగా, మళ్ళీ రెండుగా మడిచి టేపు ప్రక్కన పెట్టాడు. చుట్టుకొలత 48 అంగుళాలు, నాలుగో వంతు 12. పన్నెండును పన్నెండుతో గుణించి, పొడవు పది అడుగులతో గుణించి, 144తో భాగించాలి. “పది ఘనపుటడుగులు” అన్నాడు, కాగితం లేకుండానే. ఎమ్మే చదివిన నేను ఇంటికి వచ్చి వృత్తవైశాల్యం సూత్రంతో వేసి చూస్తే పన్నెండుమ్ముప్పావుకు దగ్గరగా వచ్చింది. పొరపాటు ఆయనది కాదు. గుండ్రటి మానును చదరపు దూలంగా చెక్కితే పోయే తరుగును ఆ మడతలోనే ముందుగా విడిచిపెట్టారన్నమాట. ఆంగ్లేయుల దేశంలో పద్దెనిమిదవ శతాబ్దంలో హోపస్ అనే ఆయన పట్టికలుగా అచ్చువేయించిన లెక్క ఇదే. సిరిసిల్ల మిస్త్రీకి ఆ పేరుతో పనిలేదు; సుతిలి చాలు.

కొలత అయిన పిదప ఆయన దుంగ చుట్టూ తిరిగాడు. రెండు కొసలను తడిబట్టతో తుడిచి, వంగి చూశాడు. ఇనుము దిగిన కట్టెలో నీలినలుపు మరక ప్రాకుతుంది; కొసదాక వస్తే కనబడుతుంది, రాకుంటే లేదు. ఆయనకు ఏమీ కనబడలేదు. అప్పుడు నావైపు తిరిగాడు.

“ఇది ఇంటి చెట్టా, చెలక చెట్టా?”

“ఇంటిదే కాకా.”

“మేకులు గిట్ల ఏమన్న కొట్టిన్రా? మంచిగ యాది చేసుకో బాబూ.”

యాది చేసుకోవలసిన అవసరమే లేదు. 1998 వేసవిలో, నాకు ఎనిమిదేండ్లప్పుడు, సాయంకాలం కరెంటు పోతే చదువుకోవడానికి కందీలు తగిలించుకొందామని ఆ మానుకు మూడంగుళాల మేకు కొట్టినవాణ్ణి నేనే. మొదటి దెబ్బకు అది వంగింది. వంగినదానినే రాయితో మోది లోపలికి దింపాను. రెండేండ్లు ఆ కందీలు క్రిందనే ఎక్కాలు చదివాను.

“లేవు కాకా” అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. జగిత్యాలలో ఒకరు కాదన్నారు. ట్రాక్టరువాడు రెండుసార్లు హారను కొట్టాడు. ఇంకొక సంగతి కూడా ఉన్నది: చెట్టు పెరిగింది గదా, మేకు ఎంతో పైకి పోయి, నరికిన కొమ్మలతో పాటు పొయ్యిలోకి చేరి ఉంటుందని మనస్సులో ఒక సమాధానం కల్పించుకొన్నాను. అది ఎంత అజ్ఞానమో! చెట్టు పొడవు పెరిగేది కొసల వద్దనే. మాను మీద నాలుగడుగుల ఎత్తున పెట్టిన గుర్తు నూరేండ్లకైనా నాలుగడుగుల ఎత్తుననే ఉంటుంది. మాను లావెక్కి దానిని మ్రింగుతుంది, అంతే. వృక్షశాస్త్రం చదివే మన విద్యార్థి ఎవరైనా ఇది చెప్పగలడు. నాకు తెలియక అబద్ధమాడానని అనను. తెలియనితనం అబద్ధానికి వీలుగా అమరింది.

దుంగను బండి మీదికి ఎక్కించారు. మోటారు పెట్టగానే రంపం పళ్ళు మాయమై వెండిపళ్ళెం వలె కనబడింది. మూడడుగుల రంపము నిమిషానికి 700 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు. కలప తగలగానే ఆ రొద ఒక మెట్టు దిగి గంభీరమవుతుంది. బెరడు బద్ద వేరుపడింది. లోపల తెల్లకట్టె, దాని నడుమ ఎర్రని చేవ. చేవను గురించి ఒక మాట. మనం బలానికి ప్రతీకగా చెప్పుకొనే ఈ భాగం చెట్టులో ప్రాణమున్న భాగం కాదు. నీరు పారేది చుట్టూ ఉన్న తెల్లకట్టెలో; చేవ ఎన్నడో చనిపోయి, గట్టిపడి, చెట్టును నిలబెడుతూ ఉంటుంది. తరగతిలో ఇది చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేనట్లు చూస్తారు.

వేపచేదు వాసన కొట్టమంతా నిండింది. పొట్టు పొగవలె గుంటలోకి రాలుతున్నది. గుండ్రటి రంపము దుబారా మనిషి: పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచి ఉండడంచేత ఒక్కొక్క కోతకు పావంగుళం కట్టెను తినివేస్తుంది. అంగుళం మందం పలకలు నాలుగు తీసేసరికి ఐదవ పలక పొట్టయిపోయినట్లే. ఆ పొట్టును హోటలు పొయ్యికి ఒకడు సంచులలో ఎత్తుకొంటున్నాడు.

రెండవ కోత సగానికి వచ్చినప్పుడు రొద మారింది. దానిని నేను వర్ణించలేను. మదీనాలో ప్రవక్త ముహమ్మద్ (స) ఖర్జూరపు మొద్దును ఆనుకొని ప్రసంగించేవారని, మెట్ల మింబర్ తయారైన పిదప విడిచిపెట్టబడిన ఆ మొద్దు ఏడ్చిందని, ఆయన దిగివచ్చి చేయి వేయగా శాంతించిందని హదీసులలో ఉన్నది. చిన్ననాడు మౌల్వీసాబ్ చెప్పగా విని, కొయ్య ఏడ్పు ఎట్లుంటుందో అనుకొనేవాడిని. నాకు ఆ క్షణాన వినబడినది మాత్రం కొయ్య ఏడ్పు కాదు, ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు. ఒక నిప్పురవ్వ, మిస్త్రీ చేయి ముఖం మీదికి పోవడం, వ్రేళ్ళ సందుల నుండి నెత్తురు. విరిగిన పంటి ముక్క ఎడమ కనుబొమ్మను చీల్చింది. అర అంగుళం క్రిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ నెత్తురు ముఖంతోనే ఆయన ముందుగా చేసినది మోటారు ఆపమని పిల్లవానికి చేయి ఊపడం.

ఆసుపత్రిలో నాలుగు కుట్లు పడ్డాయి. ఇంటికి వచ్చి, దుంగలో రాయి ఉండి రంపం విరిగిందని చెప్పాను. అది రెండవ అబద్ధము. మా అబ్బాజాన్ ఈ సంచికలో ఉర్దూ భాగమే చదువగలరు. తెలుగు భాగం ఎవరైనా చదివి వినిపించాలి. ఈసారి ఆ పని నేనే చేయవలసి ఉన్నది.

నాలుగవ నాడు మిల్లుకు పోయాను. మిస్త్రీ ఒక కంటి మీదుగా కట్టు కట్టుకొని, రంపాన్ని మోకాళ్ళ నడుమ బిగించి ఆకురాయి పెడుతున్నాడు. మూడు పళ్ళు విరిగినవి. మూడు విరిగితే మూడింటినే సరిచేస్తే చాలదు. మిగిలినవాటినీ ఆ ఎత్తుకు అరగదీయాలి, లేకుంటే రంపం ఊగుతుంది. నన్ను చూసి పలుకరించి, జేబులో నుండి మేకు తీసి నా చేతిలో పెట్టాడు. సగం తెగి, మిగిలిన సగం వంకరగా, నల్లగా ఉన్నది.

“గిది కొట్టినోడు చిన్నపోరడు” అన్నాడు. “వంకర పోయినంక నెత్తిమీద రాయితోని కొట్టిండు. సుత్తె దెబ్బ గిట్లుండది.”

“నేనే కాకా” అన్నాను. “అడిగిననాడు కూడా నాకు యాదికి ఉండె.”

ఆకురాయి ఆగింది. ఆయన చాలాసేపు రంపం వైపే చూశాడు.

“చెప్తే కొయ్యనంటనని భయపడ్డవా? బాడిసెతోని తవ్వి ఉలితోని తీసేటోన్ని బాబూ. గంట పట్టు.”

ఇంకేమీ అనలేదు. మళ్ళీ ఆకురాయి పట్టుకొన్నాడు. నేను తెచ్చిన డబ్బులో పళ్ళకైన ఖర్చు మట్టుకు యజమానికి ఇమ్మన్నాడు. గాయానికని ఇచ్చినది తీసుకోలేదు. పని లేని దినాల కూలి అని పేరు మార్చి ఇస్తే, ఎన్ని దినాలో వ్రేళ్ళ మీద లెక్కబెట్టి అంతే తీసుకొన్నాడు. మరుసటి వారం మిగిలిన దుంగను తానే కోశాడు. కోయకముందు మళ్ళీ అడిగాడు, అదే గొంతుతో: “ఇంకేమన్న ఉన్నయా?” నేను దుంగ చుట్టూ తిరిగి, కూర్చుండి, చేతితో తడిమి చూసి, లేవని చెప్పాను. మోటారు పెట్టాడు.

దర్వాజ నిలువులలో ఒకదానికి రూపాయి బిళ్ళంత నీలిమరక ఉన్నది. వడ్రంగి ఆ ముక్కను తీసివేద్దామన్నాడు. నేనే ఉంచమన్నాను. ఎందుకని అబ్బాజాన్ అడిగితే, బలంగానే ఉన్నది గదా అన్నాను.

మిస్త్రీ ఇప్పుడు పని మానుకొని సిరిసిల్లలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పోయిన సంవత్సరం రంజాను పండుగ తరువాత సేవయ్యాలు పట్టుకొని పోయి కలిశాను. ఎడమ కనుబొమ్మ నడుమ వెంట్రుకలు మొలవని గీత అట్లే ఉన్నది. దర్వాజ ఎట్లున్నదని అడిగాడు. బాగానే ఉన్నదని, వానకాలం మాత్రం తలుపు కొంచెం బిగుస్తుందని చెప్పాను.

“చిత్రిక పట్టియ్యి” అన్నాడు. “ఎక్కువ తియ్యకు. ఎండకాలం మల్ల సందైతది.”