పాత సామాను, కరెంటు బిల్లు

పాత సామాను పారెయ్యడమా, దాచుకోవడమా అన్న తగాదా లేని సంసారం ఉంటే చూపించండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను. మా ఇంట్లో ఈసారి తగాదా పన్నెండేళ్ళ నాటి నా ల్యాప్‌టాప్ మీదకొచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు గడువు తీరిపోయింది. కొత్త విండోస్ దాంట్లో పట్టదు. "పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చెయ్యి" అన్నారు మావారు. రెండు నవలలు రాసుకున్న యంత్రాన్ని తూకానికి అమ్మడానికి నాకు మనసు రావద్దూ?

మా అక్క కొడుకు వచ్చి, "ఉండు పిన్నీ" అంటూ అందులో ఓపెన్‌బీఎస్‌డీ అనేదాన్ని ఎక్కించాడు. అదీ విండోస్‌లాగే యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమే. కాకపోతే దాని రాతంతా బహిరంగం. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, వాడుకోవచ్చు. పైసా ఇవ్వక్కర్లేదు.

"ఊరికే ఎవరిస్తార్రా?" అన్నాను.

థియో డి రాడ్ట్ అనే ఆయన 1995లో కెనడాలోని కాల్గరీలో మొదలుపెట్టారట. దేశదేశాల వాళ్ళు తలో చెయ్యీ వేస్తారు. ఆరు నెలలకోసారి కొత్త కూర్పు విడుదల చేస్తారు. ఆయన ఇంటి నేలమాళిగ నిండా కంప్యూటర్లే, అందులో ఎన్నో ఎప్పటివో పాతవి. మా అత్తగారి అటక గుర్తొచ్చి నవ్వుకున్నాను.

కానీ అవి ఊరికే దాచినవి కావు. ఒక జాతి యంత్రం అంకెను ముందునుంచి అమర్చుకుంటే ఇంకో జాతి వెనకనుంచి అమర్చుకుంటుంది. కొత్త కంప్యూటరు సర్దుకుపోయి ఊరుకున్న తప్పుకి, పాత స్పార్క్ యంత్రం ఠక్కున ఆగిపోతుంది. ఇంట్లో వాళ్ళందరూ లొట్టలేసుకు తిన్న కూరకి పక్కింటి పెద్దావిడ ఒక్క ముద్దతో వంక పట్టేసినట్టన్నమాట! ఆ తప్పు దిద్దితే లాభం అన్ని యంత్రాలకీను.

ఈ బృందమే 1999లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అనే తాళాన్ని తయారు చేసింది. దూరాన ఉన్న కంప్యూటర్లో పని చేసేటప్పుడు మన మాటలు దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. మన పోస్టుకార్డుని పోస్ట్‌మాన్ నుంచి పక్కింటావిడ దాకా అందరూ చదివేవారు కదూ? అదే కార్డుని తాళమేసిన పెట్టెలో పెట్టి అదే పోస్ట్‌మాన్ చేతికిస్తే? మోసేది అతనే, చదవలేడు. అందరూ నడిచే దారిలోనే మన ఒక్కరికీ ఒక చాటు దారి. దీన్నే టన్నెల్, అంటే సొరంగం అంటారు. ఈ తాళం లైనక్స్‌లోనూ, ఆపిల్ కంప్యూటర్లలోనూ ఉంది, 2018 నుంచి విండోస్‌లోనూ చేరింది. పేరు వినని వాళ్ళ పనులు కూడా దాని మీద నడుస్తున్నాయి.

అంతమందికి తాళాలిచ్చిన ఆ ఇంటివాళ్ళు 2014 జనవరిలో ఏం అడిగారో తెలుసా? కరెంటు బిల్లు! సుమారు 20 వేల డాలర్లు సాయం అందకపోతే యంత్రాలు ఆపెయ్యాల్సి వస్తుందన్నారు. అప్పుడు జనం కదిలారు, విరాళాలొచ్చాయి, గండం గడిచింది.

నాకు ఇదేమీ వింత అనిపించలేదు. ఇల్లు తుడిచి ఉన్నన్నాళ్ళూ తుడిచినవాళ్ళు ఎవరికీ కనిపించరు. ఒక్క పూట చీపురు ముట్టకపోతేనే "ఏమిటీ, ఇల్లిలా ఉంది?" అంటారు. కొత్తది కొన్నవాళ్ళకి పేరొస్తుంది. ఉన్నదాన్ని నడుపుకొచ్చేవాళ్ళకి బిల్లొస్తుంది. మనకి తెలియని సంగతా చెప్పండి!

అలాగని వాళ్ళు అన్నిటినీ కౌగిలించుకు కూర్చోలేదు. 1977లో పుట్టిన వ్యాక్స్ యంత్రాల వంశాన్ని 2016 దాకా మోసి, ఆ పైన సెలవిచ్చేశారు. ముప్ఫై తొమ్మిదేళ్ళు! పారెయ్యడానికీ ఒక లెక్కుండాలని అక్కడ నేర్చుకున్నాను. పాతబడిందని కాదు, దాన్ని చూసుకునే చేతులు ఇక లేవని తేలినప్పుడు.

నా ల్యాప్‌టాప్‌కి ఇంకా ఆ రోజు రాలేదు. ఈ నాలుగు ముక్కలూ దాని మీదే రాశాను. మొన్న ఆ ఓపెన్‌బీఎస్‌డీ ఫౌండేషన్ వాళ్ళకి నేనూ కొంత పంపాను. ఎంతో మాత్రం చెప్పను. మావారు ఈ పత్రిక చదువుతారు.